తెరచాపల ఓడ మీద మూడు నెలలు: తుఫాను సంగతి తర్వాత, ముందు నిద్ర సంగతి

“మా అబ్బాయి తెరచాపల శిక్షణ ఓడ మీద మూడు నెలలు సముద్రంలోకి వెళ్తున్నాడు. రోజంతా అక్కడ ఏం చేస్తారు? ఏం తింటారు, ఎక్కడ పడుకుంటారు, స్నానాలవీ ఎలా? తుఫాను వస్తే ఏమిటి గతి? ఆవకాయ పంపొచ్చా?” అని ఒక తల్లి అడిగారు.

అమ్మా, మాది భీమిలి వైపు సముద్రపొడ్డు ఊరు. మా తాత తెప్ప మీద వేటకెళ్లేవాడు. నేను నేవీలో సీమన్‌గా చేరి రిటైరయ్యాను. అందులో మూడేళ్లు తెరచాపల ఓడ మీదే గడిచాయి. ఏ ఓడో చెప్పను, ఇందులో మా వెధవ పనులు కూడా కొన్ని వస్తాయి కనుక. కాస్త పొడుగవుతుంది, ఏమీ అనుకోకండి.

ఎక్కడ పడుకుంటారు అని అడిగారు. ఎప్పుడు పడుకుంటారు అని అడగాల్సింది. ఎక్కడ అనేది చిన్న విషయం. ఒకదాని మీద ఒకటి బంకులుంటాయి, మనిషి పొడుగంత, భుజాలకన్నా కాస్త వెడల్పు. గాలికి ఓడ ఒక పక్కకి ఒరిగి రోజుల తరబడి అలాగే వెళ్తుంది. ఆ ఒరిగిన వైపు బంకు దొరికినవాడు గోడకి ఆనుకుని హాయిగా పడుకుంటాడు. ఎదురు వైపు వాడు కింద పడకుండా బంకు అంచుకి అడ్డంగా గుడ్డ కట్టుకుని, దాన్లో మూటలా పడుంటాడు. దిశ మార్చగానే ఇద్దరి అదృష్టాలూ తారుమారు. అంతే, ‘ఎక్కడ’ అయిపోయింది.

‘ఎప్పుడు’ అనేదే అసలు కథ. ఓడ రాత్రి అయిందని ఆగదు కదా. అందుకే మనుషుల్ని మూడు జట్లుగా చేస్తారు. రోజుని వాచీలుగా, అంటే డ్యూటీ వంతులుగా, కోస్తారు: రాత్రి 8 నుంచి 12, 12 నుంచి 4, 4 నుంచి ఉదయం 8, అక్కణ్నుంచి 12, మళ్లీ 4. ఇక్కడిదాకా అన్నీ నాలుగేసి గంటలు. కానీ సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉన్నదాన్ని మాత్రం రెండు గంటల చొప్పున రెండు ముక్కలు చేస్తారు. వీటిని డాగ్ వాచీలంటారు. చూడ్డానికి చిన్న సర్దుబాటే గానీ ఎవరు కనిపెట్టారో గానీ బుర్ర ఉన్నవాడు. ఆ ముక్క వల్ల రోజుకి ఆరు కాక ఏడు వాచీలవుతాయి. ఏడుని మూడు జట్లకి పంచితే ఒకటి మిగులుతుంది, దాంతో రోజూ వంతు ఒక మెట్టు జరుగుతుంది. అర్ధరాత్రి పన్నెండుకి లేచే పాపం ఒకే జట్టు నెత్తిన పడదు. పైగా ఆ రెండు గంటల మార్పులో అందరూ వేడిగా రాత్రి భోజనం చేసేస్తారు.

మీ అబ్బాయి లెక్కలో చెప్పాలంటే, ఈ రాత్రి 12 నుంచి 4 దాకా డ్యూటీ పడిందనుకోండి. రేపు మధ్యాహ్నం 12 నుంచి 4, మళ్లీ రాత్రి 8 నుంచి 12. ఆ మర్నాడు ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 6 నుంచి 8. ఆ రాత్రి పడుకుని తెల్లవారుజామున 4కి లేవాలి. మధ్యలో ఖాళీ కనిపిస్తుంది కదా, అది ఖాళీ కాదు. పగటి పూట క్లాసులు, ఓడ పని, అందరూ చెయ్యి వెయ్యాల్సిన తెరచాప మార్పులు. నిద్ర అనేది రెండు గంటల ముక్క, మూడు గంటల ముక్క, మధ్యాహ్నం నలభై నిమిషాల తునక. మొదటి పది రోజులు పిల్లలు దయ్యం పట్టినట్టు తిరుగుతారు. ఆ తర్వాత ఒంటికి ఒక విద్య వస్తుంది: తల ఆనిన చోట, ఆనిన నిమిషంలో నిద్ర. నేను తాళ్ల కుప్ప మీద నిలువునా వాన పడుతుంటే పడుకున్నాను.

వాచీకి లేపడం ఒక మర్యాద. పావుగంట ముందు ఒకడు ఎర్ర లైటు పట్టుకుని వస్తాడు. తెల్ల లైటు పడితే చీకటికి అలవాటు పడ్డ కళ్లు పోతాయి, మళ్లీ కుదురుకోవడానికి అరగంట పడుతుంది. గట్టిగా అరవకూడదు, పక్క బంకు వాడు అప్పుడే పడుకుని ఉంటాడు. భుజం తట్టి పేరు చెప్పి, టైము చెప్పి, పైన ఎలా ఉందో చెప్పాలి: “మూడూ నలభై అయిదు, వాన లేదు, చలిగా ఉంది, జాకెట్ వేసుకో.” ఆ ఒక్క వాక్యం కోసం మనుషుల్ని ప్రేమించవచ్చు. వాచీలో ఉన్నవాణ్ని దించి మనం డ్యూటీ అందుకోవడానికి ఆలస్యంగా వెళ్లడం మాత్రం ఓడ మీద దొంగతనం కన్నా పెద్ద నేరం, ఎందుకంటే మనం దొంగిలించేది అవతలివాడి నిద్ర. ఒకసారి పది నిమిషాలు ఆలస్యమయ్యాను. నేను దించాల్సిన మనిషి, కేరళ ఆయన, నాకన్నా పదేళ్లు పెద్ద, ఒక్క మాట అనలేదు. చుక్కాని చక్రం నా చేతికిచ్చి వెళ్లిపోయాడు. తిట్టినా బాగుండేది. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆలస్యం చేయలేదు.

రాత్రి వాచీలో ఏం చేస్తారంటే, వంతులవారీగా చుక్కాని దగ్గర ఒకరు, ముందు భాగంలో చూపు కాయడానికి ఒకరు, గంటకోసారి ఓడంతా తిరిగి కట్లు, అడుగున చేరిన నీళ్లు చూసేవాడు ఒకరు. మిగతావాళ్లు పిలుపు కోసం సిద్ధంగా కూర్చోవాలి. చుక్కాని పట్టేవాడు దిక్సూచినే గుడ్లప్పగించి చూస్తే ఓడ పాములా మెలికలు తిరుగుతుంది. ముందున్న స్తంభం పక్కన ఒక చుక్కని గుర్తు పెట్టుకుని దాన్ని అక్కడే నిలబెట్టాలి. ఆ చుక్క కూడా గంటకి 15 డిగ్రీలు జరిగిపోతుంది కనుక పావుగంటకో కొత్త చుక్కని వెతుక్కోవాలి. ధ్రువ నక్షత్రం మాత్రం ఎటూ పోదు. విశాఖలో దాని ఎత్తు దాదాపు 18 డిగ్రీలు, కొచ్చి వచ్చేసరికి పదికి దిగిపోతుంది. ఒక చోట అది ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే ఆ చోటు భూమధ్యరేఖకి అన్ని డిగ్రీల ఉత్తరాన ఉన్నట్టు. దక్షిణానికి వెళ్తుంటే ఒక్కో రాత్రి ఒక్కో మెట్టు దిగి, భూమధ్యరేఖ దగ్గర నీళ్ల అంచున కలిసిపోతుంది. చిన్నప్పుడు మా అమ్మ పెరట్లోంచి చూపించిన నక్షత్రం కనబడకుండా పోయిన రాత్రి నాకు అన్నం సయించలేదు.

సరే, పగలు. ఆరింటికి అందర్నీ లేపుతారు, అర్ధరాత్రి దాకా డ్యూటీ చేసినవాడికి కాస్త వెసులుబాటు. ముందు డెక్కు కడగడం, సముద్రపు నీళ్లతో. శుభ్రం కోసమే కాదు. చెక్క పలకలు ఎండిపోతే ముడుచుకుని సందులిస్తాయి, రోజూ ఉప్పునీళ్లు పడితే ఉబ్బి బిగిసి ఉంటాయి. తర్వాత టిఫిను, హాజరు, పని. పదిగంటలకి టీ విరామం, దాన్ని ‘స్టాండ్ ఈజీ’ అంటాం. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొచ్చే వేళకి సెక్స్టెంట్ అనే కోణం కొలిచే పరికరం పట్టుకుని సూర్యుడి ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో లెక్క కడతారు. జీపీఎస్ లేదా అంటారేమో, ఉంది. అయినా నేర్పుతారు, జీపీఎస్ డబ్బాకి ఉప్పునీళ్లు తగిలితే అది డబ్బానే కదా.

పనంటే ఎక్కువ భాగం తాళ్లు, తుప్పు. ఇనుముకీ ఉప్పుకీ జన్మవైరం. ఈ మూల గీకి రంగు వేసి ఆ మూలకి వెళ్లేసరికి ఈ మూల మళ్లీ ఎర్రబడుతుంది. తాళ్లయితే మూడు స్తంభాల ఓడ మీద వందకు పైనే ఉంటాయి, ప్రతిదానికీ పేరు, పని, కట్టే మేకు వేరు. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లాడూ ‘షీట్’ అంటే తెరచాప అనుకుంటాడు. కాదు, అది తెరచాప కింది కొసని లాగి పట్టే తాడు. చీకట్లో, వానలో, చేతి తడుముడుతో సరైన తాడు దొరకాలి. తప్పు తాడు విప్పితే పైన మనుషులున్న అడ్డకొయ్య కదిలిపోవచ్చు. అందుకే మొదటి రెండు వారాలు పరీక్షలా ఒప్పజెప్పిస్తారు, ఎక్కాలు ఒప్పజెప్పినట్టు.

అడ్డకొయ్య అన్నాను కదా. మన నేవీకి తరంగిణి అని ఒక శిక్షణ ఓడ ఉంది, 54 మీటర్ల పొడవు, గోవా షిప్‌యార్డ్‌లో కట్టారు, 1997 నవంబరు 11న నేవీలో చేరింది. 2003లో బయల్దేరి 2004లో తిరిగొచ్చింది, భూమి చుట్టూ తిరిగి. దాని చెల్లెలు సుదర్శిని 2012లో వచ్చింది. రెండూ కొచ్చిలోనే ఉంటాయి. రెండిటికీ మూడేసి స్తంభాలు. ముందు రెండు స్తంభాలకి అడ్డంగా కొయ్యలుంటాయి, వాటికి చతురస్రపు తెరచాపలు వేలాడతాయి. ఆ చాప చుట్టాలంటే మనిషే పైకెక్కాలి. మీ అబ్బాయీ ఎక్కుతాడు. భయపడకండి, నడుముకి బెల్టు ఉంటుంది, కొక్కెం తగిలించుకుంటారు.

కింద నుంచి చూస్తే ఎత్తే భయం అనిపిస్తుంది. పైకి వెళ్తే తెలుస్తుంది, భయం ఎత్తు కాదు, ఊపు. డెక్కు మీద జానెడు ఊగితే స్తంభం కొన ఇంటి వాకిలి నుంచి వీధి చివరికి వెళ్లొచ్చినట్టుంటుంది. అడ్డకొయ్య కింద వేలాడే తాడు మీద కాళ్లు పెట్టి, కొయ్య మీద పొట్ట ఆనించి, వంగి బరువైన గుడ్డని గుప్పిళ్లతో లాక్కోవాలి. ఆ కాలి తాడు అందరికీ ఒకటే. కొత్తగా ఒకడు దాని మీద కాలేస్తే ముందే ఉన్నవాళ్ల కాళ్ల కింద తాడు జరుగుతుంది. అందుకే అడుగు పెట్టే ముందు “ఎక్కుతున్నా” అని కేకెయ్యాలి. నేను ఒకసారి మర్చిపోయాను. పక్కవాడు అప్పుడు నన్నన్న మాటలు మీకు చెప్పలేను. పాతవాళ్లు చెప్పే సూత్రం ఒకటుంది: ఒక చెయ్యి ఓడకి, ఒక చెయ్యి నీకు. రెండు చేతులూ పనికిచ్చేంత ఉత్సాహం ఉన్న కుర్రాళ్లని చూసే మా బఫర్, అంటే డెక్కు మీద పని చేయించే పెద్ద సెయిలర్, ఎక్కువ భయపడేవాడు.

వాంతుల సంగతి త్వరగా చెప్పేస్తాను. వస్తాయి. దాదాపు అందరికీ. ట్రఫాల్గర్ యుద్ధం గెలిచిన బ్రిటిష్ నౌకా సేనాని నెల్సన్‌కి కూడా జీవితాంతం వచ్చేవట. మూడు రోజులకి చాలామందికి తగ్గుతుంది. పొట్ట ఖాళీగా ఉంచకూడదు, పొడి బిస్కెట్లు, అల్లం ముక్క, దూరంగా నీటి అంచు మీద చూపు. గాలి వచ్చే వైపు తిరిగి కక్కకూడదు, ఎందుకో ఒక్కసారి చేస్తే తెలుస్తుంది. పని మాన్పించరు, మాన్పించకపోవడమే మందు.

ఇక తిండి. మొదటి వారం పెళ్లి భోజనం. ఆకుకూరలు మూడు నాలుగు రోజుల్లో, టమాటాలు మరికొన్ని రోజుల్లో అయిపోతాయి. బ్రెడ్డు బూజు పడుతుంది. ఆ తర్వాత మిగిలేవి గట్టివాళ్లు: క్యాబేజీ, బంగాళాదుంప, గుమ్మడికాయ, ఉల్లిపాయ. వీటిని గాలి తగిలే చోట ఉంచి రోజూ ఒకడు ఏరాలి, కుళ్లింది ఒకటి చాలు సంచీ మొత్తాన్ని చెడగొట్టడానికి. మంచుపెట్టె ఉంటుంది గానీ చిన్నది. నెల దాటాక ఉల్లిపాయ తరుగుతున్న వాసన వస్తే జనం గ్యాలీ గుమ్మం దగ్గర చేరతారు.

గ్యాలీ అంటే వంటిల్లు. ఓడ ఒరిగినా పొయ్యి ఒరగకుండా ఇరుసు మీద ఊగుతుంది, గిన్నెలు జారకుండా చుట్టూ కమ్మీలుంటాయి. వంటాయన ఏ గిన్నెనీ సగానికి మించి నింపడు. పులుసు, చారు ఒరిగే ఓడకి శత్రువులు. మా మెనూలో ముద్దపప్పు రాజ్యమేలిందంటే అది రుచి వల్ల కాదు, ఒలకదు కనుక. బల్ల మీద తడిగుడ్డ పరిచి పళ్లాలు పెడతారు, జారవు. గాలి ఎక్కువైతే పళ్లాలు కూడా మాని గిన్నెలో అన్నం, పప్పు, కూర అన్నీ కలిపి చేతిలో పెట్టేస్తారు. తుళ్లుతున్న ఓడలో ఒక కాలు తలుపుకి తన్నిపెట్టి చపాతీ ఒత్తే మనిషిని మీరు చూడాలి. ఇడ్లీ పిండి ఒక వింత: భూమధ్యరేఖ దగ్గర నాలుగైదు గంటల్లో పొంగి డబ్బా మూత తన్నేస్తుంది, దక్షిణాన చల్లటి సముద్రాల్లోకి వెళ్తే రెండు రోజులైనా కదలదు. ఇంజిన్ గది గోడ పక్కన దుప్పటి కప్పి పెట్టేవాళ్లం, బాలింతకి కాపలా కాసినట్టు. తెల్లారి డెక్కు మీద ఎగిరే చేపలు పడుంటాయి, పిడికెడంటే పిడికెడు. మా ఊరివాణ్ని కదా, శుభ్రం చేసే పని నాదే అయ్యేది.

నిమ్మకాయ మాత్రం ఎప్పుడూ ఉండాలి. దీని వెనక పెద్ద చరిత్రుంది. 1498లో వాస్కో డ గామా ఆఫ్రికా తీరంలోని మాలిందీ నుంచి కాలికట్‌కి నైరుతి గాలి వెనక తోస్తుంటే నెల లోపే వచ్చాడు. తిరుగు ప్రయాణంలో గాలి రుతువు కోసం ఆగలేదు. అక్టోబరు మొదట్లో గోవాకి దక్షిణాన ఉన్న అంజదీవ్ అనే దీవి దగ్గర బయల్దేరితే అదే సముద్రం దాటడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. చిగుళ్లు వాచి, కాళ్లు చేతులు ఉబ్బి ముప్పై మంది దాకా ఆ దారిలోనే పోయారు. తాజా కాయగూరలు లేకపోతే వచ్చే స్కర్వీ అది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు పన్నెండు మంది రోగుల్ని ఇద్దరేసి చొప్పున విడదీసి ఒక్కో జతకి ఒక్కోటి ఇచ్చి చూశాడు. నారింజ, నిమ్మ తిన్న ఇద్దరూ ముందు లేచి తిరిగారు. అయినా బ్రిటిష్ నౌకాదళం అందరికీ నిమ్మరసం ఇవ్వడం 1795లో గానీ మొదలెట్టలేదు. దాదాపు యాభై ఏళ్లు! ఆఫీసు ఫైలు అప్పుడూ అలాగే నడిచేదన్నమాట.

చుట్టూ నీళ్లే, తాగడానికి, ఒంటికి పోసుకోవడానికి మాత్రం కొలత. సముద్రపు నీటిని మంచినీరు చేసే ఆర్‌వో యంత్రం ఉంటుంది, కానీ అది నడవాలంటే కరెంటు, కరెంటుకి డీజిలు. అందుకే పొదుపు. స్నానం ఉప్పునీళ్లతో చేసి చివర ఒకటి రెండు మగ్గులు మంచినీళ్లు పోసుకోవాలి. మామూలు సబ్బు ఉప్పునీళ్లలో నురగ రాదు, తెల్లటి జిగురు అంటుకుంటుంది. షాంపూ అయితే వస్తుంది, ఒంటికీ అదే రుద్దుకుంటారు. ఉప్పునీళ్లతో ఉతికిన బట్ట ఎప్పటికీ ఆరదు, అందులో మిగిలిన ఉప్పు గాల్లో తేమని పీల్చుకుంటూనే ఉంటుంది. ఆ తడి బట్ట ఒరుసుకుని తొడల దగ్గర, మెడ దగ్గర కురుపులొస్తాయి. దీని బాధ తుఫాను కన్నా ఎక్కువ, ఎవరూ చెప్పరు గానీ. పౌడరు, మెత్తటి కాటన్ లోబట్టలు ఎక్కువ పంపండి.

అందుకే వాన మబ్బు కనిపిస్తే పండగ. ఒకసారి నల్లటి మబ్బు చూసి ఇరవై మందిమి ఒంటికి నురగ పట్టించుకుని నిలబడ్డాం. మబ్బు అర ఫర్లాంగు దూరం నుంచి పక్కకి తప్పుకుని పోయింది. కెప్టెన్ గారు పై నుంచి చూసి ఏమీ ఎరగనట్టు లోపలికి వెళ్లారు. మంచినీళ్ల ట్యాంకు తాళం ఆ రోజు తియ్యలేదు.

మరుగుదొడ్డి గురించి అడగడానికి మీరు మొహమాటపడ్డారు గానీ చెబుతాను. లోపలే ఉంటుంది, పంపు కొట్టాలి, ఏ వాల్వు ముందు ఏ వాల్వు తర్వాత అనేది గోడ మీద రాసి ఉంటుంది. తప్పు తిప్పినవాడే శుభ్రం చేస్తాడు. పాత ఓడల్లో అది ఓడ మూతి దగ్గర బయట ఉండేది. వెనక గాలితో వెళ్లే ఓడ మీద వాసన ముందుకి పోతుంది కదా, అందుకు. అందుకే నేవీలో ఇప్పటికీ దాన్ని ‘హెడ్స్’ అంటారు.

ఇప్పుడు మీరు భయపడే తుఫాను. ఒక్క మాటలో, తుఫానులో పని తుఫాను రాకముందే అయిపోతుంది. వాతావరణ సమాచారం రోజుల ముందు అందుతుంది, గాలి ఒత్తిడి చూపే బారోమీటరు పడిపోతుంటుంది. పై తెరచాపలు చుట్టేస్తారు, డెక్కు మీద పట్టుకుని నడవడానికి తాళ్లు కడతారు, తలుపులు బిగిస్తారు, వంటాయన రెండు పూటలకి సరిపడా ముందే వండి ఫ్లాస్కుల్లో టీ నింపుతాడు. తర్వాత కాసుకుని ఉండడమే. అలల చప్పుడుకి మాట వినబడదు, ఒళ్లు హూనమవుతుంది, కానీ అందరికీ చేతినిండా పనుంటుంది. ఇంకా చిన్న పడవల్లో వెళ్లొచ్చిన వాళ్లున్నారు. మన నేవీ తెరచాపల పడవ తారిణి పొడవు 55 అడుగులే. అందులో ఆరుగురు నేవీ ఆడపిల్లలు 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరి, 2018 జనవరిలో దక్షిణ అమెరికా కొసనున్న కేప్ హార్న్ దాటి, మే 21న తిరిగొచ్చారు. 254 రోజులు. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లు, విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాద్ అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య. మీవాడి ఓడ దానికి మూడు రెట్లు ఉంటుంది, పైగా చుట్టూ అనుభవమున్న సిబ్బంది.

నన్నడిగితే తుఫాను కన్నా కష్టం గాలి పడిపోవడం. భూమధ్యరేఖకి అటూ ఇటూ గాలి నిలవని పట్టీ ఒకటుంది. సముద్రం నూనె పోసినట్టు మెరుస్తుంది. అలలు లేవు గానీ ఎక్కడో పుట్టిన పొంగు మాత్రం వస్తూ ఓడని ఊపుతుంది. గాలి ఉన్నప్పుడు తెరచాప బిగిసి ఓడని నిలబెడుతుంది, లేనప్పుడు ఆ గుడ్డ ఇటు ఫట్, అటు ఫట్. పగలూ రాత్రీ అదే చప్పుడు, పళ్లు జివ్వుమనేలా. ఒరుసుకుని గుడ్డ చిరుగుతుంది, చిరిగింది కుట్టడానికి మైనం రాసిన దారంతో కూర్చుంటాం, మళ్లీ చిరుగుతుంది. ఇప్పటి ఓడలకి ఇంజిన్లున్నాయి, స్టార్ట్ చేసి దాటేస్తారు. కానీ శిక్షణ కదా, కొందరు కెప్టెన్లు వెంటనే చెయ్యరు. మాకు ఆరు రోజులు చేయలేదు.

మామూలుగా మా వేగం ఆరు నాట్లు. అంటే పగలూ రాత్రీ ఆగకుండా 24 గంటలు వెళ్తే 267 కిలోమీటర్లు. ఇంచుమించు విజయవాడ నుంచి హైదరాబాద్. బస్సులో అయిదారు గంటలు, మాకు ఒక రోజు. అదీ గాలి ఉంటే. ఆ ఆరు రోజుల్లో మేం కదిలింది ఎంతో చెబితే నవ్వుతారు, ఒక రోజు ప్రవాహానికి వెనక్కి కూడా వెళ్లాం.

నిద్ర తక్కువ, ఎండ, అదే మొహాలు, ఒంటరిగా కూర్చోవడానికి చోటు లేదు. మనుషులు అప్పుడు బయటపడతారు. నాలుగో రోజు మా మెస్సులో ఇద్దరు చొక్కాలు పట్టుకున్నారు. ఇద్దరూ ప్రాణ స్నేహితులు, ఒకరిది బీహార్, ఇంకొకరిది మన శ్రీకాకుళం. కారణం చెంచా. తన చెంచా వాడు తీసుకున్నాడని వీడు, నీదని రాసుందా అని వాడు. చెంచాలు అందరివీ ఒకేలా ఉంటాయి మరి. విడదీసిన బఫర్ ఇద్దరికీ శిక్షగా ఓడలోని చెంచాలన్నీ లెక్కపెట్టమన్నాడు. ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టారు, లెక్క కుదరక మళ్లీ పెట్టారు, మూడోసారికి నవ్వు మొదలైంది. ఆ సాయంత్రం ఈశాన్యం నుంచి సన్నగా గాలి తగిలింది. చెవుల్లో ఆ ఫట్ ఫట్ ఆగిపోయి తెరచాప పొట్ట పెంచింది. ఎవరూ మాట్లాడలేదు కాసేపు.

అలాగని ఎప్పుడూ కష్టాలే కాదు. భూమధ్యరేఖ మొదటిసారి దాటే కుర్రాళ్లని సముద్ర రాజు వేషం వేసినవాడి ముందు నిలబెట్టి పిండి, నూనె, చెప్పకూడనివి పూసి నీళ్లు గుమ్మరిస్తారు. మీవాడు ఫొటో పంపితే గుర్తు పట్టలేరు. చీకటి రాత్రి ఓడ వెనక నీళ్లు పచ్చటి మిణుగురుల్లా వెలుగుతాయి. డాల్ఫిన్లు దాన్లోంచి దూసుకొస్తే వాటి దారులు కూడా వెలుగుతాయి. ఆదివారం పని తక్కువ, క్యారమ్స్ ఆడలేం గానీ పేకముక్కలు నడుస్తాయి, పాటలుంటాయి.

ఫోన్ విషయం. ఉపగ్రహ ఫోన్ ఉంటుంది, అది ఓడ పనికి. ఇంటికి వారానికోసారి ఒకటి రెండు నిమిషాలు దొరికితే గొప్ప. వారం దాటినా రాకపోతే ప్రమాదమనుకోకండి, వరస రాలేదనుకోండి. ఇంటి దిగులు వార్తలు అప్పుడు చెప్పకండి. వాడు చేయగలిగిందేమీ ఉండదు, రాత్రి వాచీ పొడుగునా అదే నములుతాడు.

తిరిగొచ్చాక కొన్నాళ్లు వాడు వింతగా ఉంటాడు. కదలని నేల మీద కాళ్లు తడబడతాయి, గ్లాసు బల్ల మధ్యకి జరుపుతాడు, పంపు తిప్పి నీళ్లు వస్తుంటే చూస్తూ నిలబడతాడు. రాత్రి పావు తక్కువ పన్నెండుకి లేచి వంటింట్లో తిరిగితే కంగారు పడకండి. ఒక కప్పు టీ ఇచ్చి “వాచీ లేదు, పడుకో” అనండి. మా ఆవిడ అలాగే అనేది.

ఆవకాయ పంపొచ్చు. గాజు సీసాలో మాత్రం వద్దు. మా లాకర్లో గోంగూర సీసా ఒకటి పగిలి, నాలుగు జతల తెల్ల యూనిఫారాలు ఎర్రటి నూనెతో తడిసి, ఇన్‌స్పెక్షన్‌కి మేం నలుగురం నిలబడ్డ తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు. మందమైన ప్లాస్టిక్ డబ్బా, మూత చుట్టూ టేపు, దాన్ని రెండు కవర్లలో. నూనె కాస్త తక్కువ పొయ్యండి. ఒక్కడికని కాక పదిమందికని పెట్టండి, ఎలాగూ అంతే అవుతుంది. దాంతోపాటు స్టీలు చెంచాలు రెండు కొని, కొట్లో మెషీన్‌తో పేరు కొట్టించి పంపండి.